పట్టా ఉంది... రుజువేదీ?

ఆరోజు సోమవారం. ఓపీ కిక్కిరిసి ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక జనం పలచబడ్డారో లేదో, ఓ పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. ఆ అమ్మాయిని చూడగానే గుర్తుపట్టాను. మా ఆసుపత్రిలోనే రెండేళ్లు ఫిజియోథెరపిస్టుగా చేసింది. పక్షవాతంతో మంచానికే పరిమితమైన వాళ్లను నా కళ్లముందే గోడ పట్టుకుని నడిపించిన పిల్ల.

‘‘సార్, దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమైంది. కానీ మీరిచ్చిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తప్పని రిపోర్టు వచ్చిందట. మీరు ఇంకో సంతకం పెడితే సరిపోతుందంటున్నారు’’ అన్నారు ఆ తండ్రి.

ఫోల్డరులోంచి ఆ కాగితం తీసి చూశాను. నా లెటర్‌హెడ్డే. నా సంతకమే. ‘2021 జూన్ నుంచి మా ఆసుపత్రిలో పనిచేశారు’ అని రాసి ఉంది. ఆమె నిజంగా చేరింది ఆగస్టులో. వెళ్తూ వెళ్తూ అడిగితే జ్ఞాపకం మీద రాసిచ్చేశాను. రెండు నెలల తేడా! మంచి మనసుతో ఇచ్చిన ఆ కాగితమే ఆమె కాళ్లకు అడ్డం పడింది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఆమెకు జీతం ఇచ్చింది ఆసుపత్రి కాదు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ. గడువు తీరాక ఆ ఏజెన్సీ వెళ్లిపోయి కొత్తది వచ్చింది. పత్రాలు సరిచూసే సంస్థ మా ఆఫీసుకు ఈమెయిల్ పంపితే, ‘ఈ పేరుతో మా సిబ్బందిలో ఎవరూ లేరు’ అని జవాబు వెళ్లింది. రెగ్యులర్ ఉద్యోగుల రిజిస్టరు ఒక్కటే చూసి రాసిన జవాబది. రాసినాయన తప్పు కూడా కాదు. ఆయన ముందున్న రిజిస్టరులో ఆమె పేరు నిజంగానే లేదు.

ఇలాంటి ఫోల్డర్లతో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఎక్స్‌రే, సీటీ టెక్నీషియన్లు, డయాలసిస్ టెక్నీషియన్లు, అనస్థీషియా టెక్నీషియన్లు... డాక్టరూ కాదు, నర్సూ కాదు. కానీ వీళ్లు లేకపోతే ఆసుపత్రి ఒక్కపూట నడవదు. ఊరు మారి, రాష్ట్రం మారి, దేశం మారి పనిచేయాలనుకునే ఈ పిల్లల గురించే ఈ వ్యాసం. వాళ్ల తల్లిదండ్రులు కూడా చదవాలి. ఎందుకంటే అప్పు చేసేది వాళ్లే.

ఎందుకింత పట్టుదల?

‘మా పిల్ల ఫస్ట్ క్లాసులో పాసయ్యింది. మళ్లీ ఈ పరీక్షలేంటి, ఈ లైసెన్సులేంటి?’ అని చాలామంది విసుక్కుంటారు. వాళ్లకు నేను ఒక పేషెంటు సంగతి చెబుతుంటాను. తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒకాయనకు పిక్క వాచింది. ‘ఫిజియో’ అని బోర్డు పెట్టుకున్న ఒకతను వారంపాటు దాన్ని గట్టిగా మర్దన చేశాడు. తీరా అది కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చిన వాపు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం పోతుంది. ఆయన అదృష్టవంతుడు, ఆయాసంతో సకాలంలో మా దగ్గరికి వచ్చాడు. ఆ మర్దన చేసినతను చదివింది ఏమిటని ఆరా తీస్తే మూడు నెలల కోర్సు. నిజంగా చదివిన ఫిజియోథెరపిస్టు అయితే ఆ పిక్క మీద చేయి వేయకముందే డాక్టరు దగ్గరికి పంపేవాడు. బోర్డు చూసి ఈ ఇద్దరినీ వేరు చేయడం పేషెంటు వల్ల కాదు. లైసెన్సు ఉన్నది అందుకే.

మన దేశంలో ఈ వృత్తులన్నింటికీ కలిపి ఒక చట్టం రావడానికి 2021 దాకా పట్టింది. ఆ ఏడాది మార్చిలో నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. యాభైకి పైగా వృత్తులు దీని కిందికి వస్తాయి. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల చదువుండాలి. ఫిజియోథెరపిస్టు లాంటి హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కు కనీసం 3,600 గంటలుండాలి. కేంద్రంలో ఒక రిజిస్టరు, ప్రతి రాష్ట్రానికి ఒక కౌన్సిల్, ఒక రిజిస్టరు ఉండాలన్నది చట్టం. కాగితం మీద బాగుంది. రాష్ట్రాలు కౌన్సిళ్ల ఏర్పాటులో జాప్యం చేయడంతో 2024లో సుప్రీంకోర్టు గడువు పెట్టి మరీ చెప్పాల్సి వచ్చింది.

దీనివల్ల మన పిల్లలకు జరిగిన నష్టం చిన్నది కాదు. డీఎంఎల్‌టీ లాంటి డిప్లొమాలు చేసినవాళ్లకు మన రెండు రాష్ట్రాల్లోనూ పారామెడికల్ బోర్డులున్నాయి, రిజిస్ట్రేషన్ ఉంది. మహారాష్ట్రలో, ఢిల్లీలో ఫిజియోథెరపిస్టులకు ఏనాటి నుంచో ప్రత్యేక కౌన్సిళ్లున్నాయి. ఇక్కడి నుంచి ముంబయి వెళ్లి పనిచేయాలంటే అక్కడి కౌన్సిల్లో పేరు నమోదు చేసుకోవాలి. అదే విదేశం వాళ్లు ‘మీ దేశంలో మీ లైసెన్సు ఏది?’ అని అడిగితే మన బీపీటీ పిల్లల దగ్గర చూపించడానికి చాలాకాలం ఏమీ ఉండేది కాదు. కొందరు వృత్తి సంఘం సభ్యత్వ కార్డు చూపిస్తారు. సంఘం వేరు, లైసెన్సు ఇచ్చే కౌన్సిల్ వేరు. సంఘంలో చేరడం మంచిదే, కానీ ఆ కార్డు లైసెన్సు కాదు. మీ వృత్తికి మన రాష్ట్రంలో ఏ రిజిస్ట్రేషన్ అందుబాటులో ఉంటే అది, చదువు పూర్తయిన ఏడాదే చేయించుకోండి. విదేశం వెళ్లే ఆలోచన లేకపోయినా సరే.

మీ చేతిలో ఉన్న కాగితాన్ని ఎవరూ నమ్మరు

వినడానికి కటువుగా ఉన్నా, మొత్తం వ్యవహారానికి మూలం ఈ మాటే. దుబాయ్, అబుధాబి, సౌదీ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్... ఎక్కడికి వెళ్లినా ముందు జరిగేది ప్రైమరీ సోర్స్ వెరిఫికేషన్. అంటే మీరిచ్చిన సర్టిఫికెట్‌ను చూడటం కాదు, దాన్ని జారీచేసిన చోటుకే రాసి ‘ఇది మీరిచ్చిందేనా? ఈ తేదీలు నిజమేనా?’ అని అడగడం. గల్ఫ్ దేశాల తరఫున ఈ పని ఎక్కువగా డేటాఫ్లో అనే సంస్థ చేస్తుంది. యూనివర్సిటీకి రాస్తారు. రిజిస్ట్రేషన్ ఇచ్చిన బోర్డుకు రాస్తారు. పనిచేసిన ప్రతి ఆసుపత్రికీ రాస్తారు. నోటరీ చేయించామని, గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉందని, విదేశాంగ శాఖ ముద్ర పడిందని ఈ మెట్టు తప్పదు. అటెస్టేషన్ వేరు, వెరిఫికేషన్ వేరు. చాలామంది మొదటిది చేయించేసి రెండోది అయిపోయిందనుకుంటారు.

దీని తర్వాత వృత్తి పరీక్ష. దుబాయ్, సౌదీ లాంటి చోట్లకు ప్రొమెట్రిక్ కేంద్రాల్లో కంప్యూటర్ మీద రాస్తారు. పరీక్ష గురించి పిల్లలు భయపడతారుగానీ, నేను చూసినంతలో పరీక్షలో ఆగిపోయినవాళ్లకన్నా కాగితాల దగ్గర ఆగిపోయినవాళ్లే ఎక్కువ. పాసయ్యాక వచ్చేది అర్హత మాత్రమే. మిమ్మల్ని తీసుకునే ఆసుపత్రి పేరు మీదే లైసెన్సు చేతికొస్తుంది. ఆసుపత్రి మారితే లైసెన్సు కూడా అక్కడికి మార్పించుకోవాలి. ‘ముందు విజిట్ వీసా మీద వచ్చి ల్యాబులో చేరిపో, లైసెన్సు తర్వాత చూద్దాం’ అనే మాట నమ్మి వెళ్తే అది అక్కడ చట్టవిరుద్ధం. పట్టుబడితే నష్టపోయేది పిలిచినవాడు కాదు, వెళ్లిన పిల్లాడు.

ఉద్యోగం చేసిన ఏళ్లూ ముఖ్యమే. గల్ఫ్‌లో సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. అందుకే నా గదికి వచ్చే కొందరు ‘సార్, ఆరు నెలలే చేశాడు, రెండేళ్లని రాయండి’ అని అడుగుతారు. తెలిసినవాళ్లు, చుట్టాలు కూడా అడిగారు. నేను రాయను. నీతి సంగతి అలా ఉంచండి. రేపు ఆ కాగితం మీద ఈమెయిల్ వచ్చినప్పుడు హాజరు రిజిస్టరు ఆరు నెలలే చూపిస్తుంది. అప్పుడొచ్చే నెగెటివ్ రిపోర్టు ఆ ఒక్క ఉద్యోగంతో పోదు. మరో గల్ఫ్ దేశానికి దరఖాస్తు చేసినా వెంటాడుతుంది. ఆరు నెలల అనుభవం ఉన్నవాడు ఇంకో ఏడాదిన్నర ఆగి వెళ్లొచ్చు. దొంగ కాగితంతో దొరికినవాడికి ఆ దారి కూడా మూసుకుపోతుంది.

పెళ్లయ్యాకో, కాన్పయ్యాకో ఉద్యోగం మానేసిన ఆడపిల్లలది మరో సమస్య. ఖాళీ ఎక్కువైతే చదువు పాతబడిందంటారు. వారానికి కొన్ని రోజులైనా, చిన్న ఆసుపత్రిలోనైనా నియామక పత్రంతో పనిచేస్తూ ఉండమని అత్తవారింటి పెద్దలకు కూడా నేను చెబుతుంటాను.

ఇంటిపేరు తెచ్చే తంటా

ఇది మన తెలుగువాళ్లకే ఉన్న ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. డిగ్రీలో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలోకి వెళ్లి, పేరు వెనక్కి చేరుతుంది. ఆధార్‌లో ఇంకోలా. పెళ్లయితే భర్త ఇంటిపేరు వచ్చి కలుస్తుంది. మనకు అందరూ ఒక్క మనిషే. విదేశంలో కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగికి మాత్రం నలుగురు మనుషులు. లక్ష్మికి ఇంగ్లిషులో ఒకచోట చివర ‘ఐ’, ఇంకోచోట ‘వై’ పడినా ప్రశ్న వస్తుంది.

పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని, మిగతావన్నీ దానికి సరిపోతున్నాయో లేదో కాలేజీలో ఉండగానే చూసుకోవాలి. యూనివర్సిటీలో దిద్దించుకోవడం చదువుతుండగా సులువు, బయటికొచ్చాక నెలల పని. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అన్నది ఆ దంపతుల ఇష్టం. మార్చుకుంటే మాత్రం వివాహ ధ్రువపత్రం తీసుకుని, అన్నిచోట్లా ఒకేలా మార్చుకోండి. సగం మార్చి సగం వదిలేయడంతోనే ఇబ్బంది.

బ్రిటన్, అమెరికా సంగతి

బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే ఒకే సంస్థ 15 వృత్తులను చూస్తుంది. ఫిజియోథెరపిస్టు, రేడియోగ్రాఫర్, డైటీషియన్ లాంటివి అందులో ఉన్నాయి. అక్కడ నమోదు కాకుండా ‘నేను ఫిజియోథెరపిస్టును’ అని చెప్పుకోవడమే నేరం. ఇంగ్లిషుకు ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా ఉండాలి. మన ల్యాబ్ టెక్నీషియన్లు ఇక్కడ ఒకటి గమనించాలి. అక్కడి ‘బయోమెడికల్ సైంటిస్ట్’ హోదా మన డిప్లొమాకు సమానం కాదు.

అమెరికాలో పద్ధతి వేరు. ప్రతి రాష్ట్రం తన లైసెన్సు తానే ఇస్తుంది. ఫిజియోథెరపిస్టులకు జాతీయ పరీక్ష ఒక్కటే అయినా, ముందు మన చదువును అక్కడి చదువుతో పోల్చి లెక్కగడతారు. అక్కడ ఇప్పుడు ఆ వృత్తిలో ప్రవేశానికే డాక్టరేట్ స్థాయి కోర్సు. అందుకే మన బీపీటీతో వెళ్లినవాళ్లకు కొన్ని సబ్జెక్టులు తక్కువపడ్డాయనడం మామూలే. ఎక్స్‌రే టెక్నీషియన్లకైతే అక్కడ గుర్తింపు పొందిన కోర్సే చదివి ఉండాలంటారు. మన డిప్లొమా నేరుగా అక్కరకు రాదు. ఈ సంగతి కన్సల్టెన్సీలు ముందు చెప్పవు.

అక్కడ ‘ట్రావెల్ థెరపిస్టులు’ అని ఒక వర్గం ఉంది. సిబ్బంది కొరత ఉన్న ఆసుపత్రికి సాధారణంగా 13 వారాల ఒప్పందం మీద వెళ్తారు. అది అయ్యాక మరో రాష్ట్రం. స్థిరపడిన మన తెలుగు ఫిజియోథెరపిస్టుల్లోనూ కొందరు ఈ పని చేస్తున్నారు. రాష్ట్రం మారినప్పుడల్లా కొత్త లైసెన్సంటే 13 వారాలూ దానికే చాలవు. అందుకని ఫిజియోథెరపీకి రాష్ట్రాలు తమలో తాము ఒక ఒప్పందం చేసుకున్నాయి. 2018 నుంచి అది అమల్లో ఉంది. ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాలు అందులో చేరాయి. సొంత రాష్ట్రంలో మచ్చలేని లైసెన్సు ఉంటే, రుసుము కట్టి మరో సభ్య రాష్ట్రంలో పనిచేసే హక్కు తెచ్చుకోవచ్చు. అయినా కొత్త ఆసుపత్రి ప్రతిసారీ లైసెన్సు, పాత ఉద్యోగాలు, టీకాలు, నేరచరిత్ర అన్నీ మొదటి నుంచి చూస్తుంది. ఎన్నిసార్లు చూపించినా మళ్లీ చూపించాల్సిందే.

డాక్టరుగా నేను చెప్పాల్సింది

టీకాలన్నాను కదా, ఇక్కడ కాస్త ఆగాలి. లైసెన్సు వచ్చి, వీసా దాకా వెళ్లి, వైద్య పరీక్షలో ఆగిపోయినవాళ్లను చూశాను. ముందుగా తెలిసి ఉంటే వాళ్లలో కొందరి డబ్బైనా మిగిలేది.

గల్ఫ్ వైద్య పరీక్షల్లో ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి ప్రధానమైనవి. ఎప్పుడో టీబీ వచ్చి పూర్తిగా తగ్గినా ఊపిరితిత్తుల్లో మచ్చ మిగలొచ్చు. దానివల్ల ఎవరికీ అంటదు. అయినా ఆ మచ్చ చూసి అన్‌ఫిట్ అంటుంటారు. వైద్యపరంగా నాకిది సబబనిపించదుగానీ, నియమం వాళ్లది. కాబట్టి ఏజెంటుకు మొదటి రూపాయి కట్టకముందే ఒక ఎక్స్‌రే తీయించుకోండి. గతంలో టీబీ మందులు వాడి ఉంటే నిక్షయ్ నంబరు, చికిత్స పూర్తయినట్లు పత్రం, పాత ఎక్స్‌రేలు దాచుకోండి.

అమెరికా లాంటి చోట్ల ఎక్స్‌రేకన్నా ముందు టీబీ ఇన్ఫెక్షన్ పరీక్ష అడుగుతారు. చేతి మీద చేసే చర్మ పరీక్ష, పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. ఐజీఆర్‌ఏ అనే రక్తపరీక్షపై బీసీజీ ప్రభావం ఉండదు. వీలుంటే అదే చేయించమని అడగండి. అది పాజిటివ్ వచ్చినా కంగారొద్దు. మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు మూడో వంతు మందిలో ఈ సూక్ష్మజీవి నిద్రాణంగా ఉంది. అది జబ్బు కాదు. జబ్బుగా మారకుండా మందులూ ఉన్నాయి.

హెపటైటిస్ బి టీకాకు మూడు డోసులు. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఆ తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీలు చూడాలి. 10 యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టే. ఈ లెక్కన మొత్తం ఏడెనిమిది నెలల పని. ఆఫర్ లెటర్ వచ్చాక మొదలుపెడితే అందుకోలేరు. నిజానికి రక్తం, సూదులతో పనిచేసే ప్రతి ఒక్కరూ కోర్సు మొదటి ఏడాదే వేయించుకోవాలి. ఇంకో చిన్న సంగతి. ఈ టీకా వేయించుకున్న రెండు మూడు వారాల్లోపు రక్తపరీక్ష చేస్తే, టీకాలోని పదార్థమే కనిపించి హెపటైటిస్ బి ఉన్నట్లు తప్పుగా చూపించవచ్చు. మెడికల్‌కు వెళ్లే నెలలో ఈ టీకా పెట్టుకోవద్దు.

తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మలకు రోగనిరోధకత ఉందో లేదో కూడా అడుగుతారు. ‘చిన్నప్పుడు అమ్మవారు పోసింది’ అంటే కుదరదు, రక్తపరీక్ష కాగితం కావాలి. లేకపోతే టీకాలు వేయించుకోవాలి. ఇవి గర్భిణులకు పనికిరావు. వేయించుకున్నాక నెల రోజుల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బీఎల్‌ఎస్ శిక్షణ కార్డుకు రెండేళ్లే గడువు. అదీ చూసుకోండి.

ఏజెంటు మాట

విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. నిబంధనల ప్రకారం సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి లక్షల్లో అడుగుతుంటే ఎందుకో అడగండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అని ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. ముందు అక్కడ వాకబు చేయండి. పోర్టల్‌లో దరఖాస్తు పిల్లల సొంత ఈమెయిల్‌తోనే పెట్టించండి. ఏజెంటు ఈమెయిల్ పెడితే లోపల ఏ కాగితం ఎక్కించాడో మీకు తెలియదు. ఎక్కించింది దొంగదైతే పేరు పోయేది మీ పిల్లలది.

ఇంతకీ ఆ అమ్మాయి... ఇంకో ఉత్తరం నేను రాయలేదు. వ్యక్తిగత లెటర్‌హెడ్ మీద రాసే అధికారం నాకు లేదని అప్పటికి అర్థమైంది. పాత హాజరు రిజిస్టర్లు, డ్యూటీ చార్టులు స్టోర్‌రూములోంచి తీయించాం. ఫిజియోథెరపీ విభాగం రోజువారీ రిజిస్టరులో ఆమె చేతిరాత దొరికింది. మొదటి తేదీ 2021 ఆగస్టు. ఆమె బ్యాంకు పాస్‌బుక్కులో ఏజెన్సీ వేసిన జీతాలు నెలనెలా ఉన్నాయి. అవన్నీ జతచేసి, ‘ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో ఫలానా ఏజెన్సీ ద్వారా పనిచేశారు, మా ముందు జవాబు పొరపాటు’ అని సూపరింటెండెంట్ గారు ఆసుపత్రి అధికారిక ఈమెయిల్ నుంచి రాశారు. జూన్ అని రాసింది నా పొరపాటేనని నేనూ రాసిచ్చాను. నాలుగు నెలలు పట్టింది. దుబాయ్ ఉద్యోగం అప్పటికి వేరేవాళ్లకు వెళ్లిపోయింది. దిద్దిన రిపోర్టుతో మరుసటి ఏడాది మస్కట్ వెళ్లింది. చేసిన అప్పుకు ఆ ఏడాది వడ్డీ వాళ్ల నాన్నే కట్టారు.

అప్పటి నుంచి మా ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది పేర్లకు విడిగా ఒక రిజిస్టరు పెట్టించాం. చేరిన తేదీ, మానిన తేదీ, ఏజెన్సీ పేరు, ఎవరి కింద పనిచేశారు అన్నవి అందులో ఉంటాయి. వెరిఫికేషన్ ఈమెయిల్ వస్తే వారంలో జవాబివ్వాలని అనుకున్నాం. మొన్న శుక్రవారం వెళ్లి చూశాను. రెండు ఈమెయిళ్లు జవాబు లేకుండా ఉన్నాయి. ఒకటి డయాలసిస్ టెక్నీషియన్‌ది, వచ్చి పంతొమ్మిది రోజులైంది.